చదరంగపుఁ బ్రావీణ్యము – ధీశక్తి

శ్రీకృష్ణదేవరాయల యాస్థానమున బొడ్డుచర్ల తిమ్మన యను కవి యుండెననియు, అతఁడు చదరంగమునందు సాటిలేనివాఁడై రాయలతో నెల్లప్పుడు నాడి గెలుచుచుండెననియు, అందులకు మెచ్చి రాయలు కొప్పోలు గ్రామమును సర్వమాన్యముగా నొసంగెననియుఁ దెలుఁగునాట నొక చాటువు ప్రసిద్ధమై యున్నది. చాటుపద్యము శాసనమువలెఁ బ్రమాణము కాదు. కాని దానిని నోటనోటఁ గాపాడుకొనుచు వచ్చిన జనుల యభిప్రాయమునకు అది మంచి సాక్ష్యము. ఆ సాక్ష్యమును నిదానించి చూచినచో నొక విశేషము పొడకట్టును. 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలినవాఁడును, 1520లో రాయచూరునొద్ద జయము గాంచినవాఁడును, ఆముక్తమాల్యదను రచించినవాఁడును అగు మహారాజు చదరంగపుఁ బలకయొద్ద నొక యాశ్రితునిచేత నోడిపోవుచుండెను. దానిని జెప్పుటకుఁ జాటువు జంకలేదు. వినుటకు లోకము వింతపడలేదు. ఆ పద్యము తిమ్మనకు గ్రామమును ఇప్పించినదే కాని, రాయలకంటె బుద్ధిమంతుఁడను బిరుదమును ఇప్పింపలేదు.

అయినను లోకమున దీనికి విరుద్ధమగు నమ్మకము బలముగా నాటుకొని యున్నది. చదరంగమున గెలుచువాఁడు సర్వవిషయములయందును బుద్ధిశాలియనియు, ఆ యాట యబ్బనివాఁడు మందుఁడనియుఁ బలువురు తలంతురు. ఈ తలంపు వినోదమాత్రమైనచో దానిని విచారింపఁ బనిలేదు. కాని పాఠశాలలో నొక బాలుని తెలివిని నిర్ణయించునప్పుడును, వాని చదువునకు మార్గము చూపునప్పుడును ఇట్టి నమ్మకములే తెలియకుండ ముందునకు వచ్చి తీర్పు చెప్పుచుండును. ఒక విద్యయందలి నేర్పును జూచి మనుష్యుని యావద్బుద్ధిని గొలువవచ్చునా? లేక చదరంగపు నేర్పు చదరంగమునకు మాత్రమే సాక్ష్యమా? ఇది పదునైదు శతాబ్దములుగాఁ బలుదేశములవారు తెలిసియుఁ దెలియకయు వాదించుచు వచ్చిన విషయము. ఆ వాదముయొక్క చరిత్ర యిచ్చట సంగ్రహింపఁబడుచున్నది.

మొదట ధీశక్తి యను పదమున కర్థమును నిర్ణయించుకొనవలయును. ఆంగ్లదేశీయుఁడగు స్పియర్‌మన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుఁడు 1904లో, బాలురు వేఱువేఱు విషయములయందుఁ జూపు ప్రజ్ఞలు ఒండొంటితో నంతో యింతో కలిసి నడుచుచున్నవని గణితముచేత నిరూపించి, వాని యన్నిటి వెనుక సర్వసామాన్యమగు నొక శక్తి గలదని ప్రతిపాదించెను. క్రొత్త సమస్యను జూచి దానిలోని సంబంధములను గ్రహించుట, తెలిసినదానినుండి తెలియనిదాని నూహించుట మున్నగునవి దాని పనులు. ఈ సామాన్యధీశక్తికిఁ జదరంగము ఒరగల్లు కాఁగలదా యనునదే ప్రశ్న. ఒరగల్లు బంగారమునే చూపవలయును. అభ్యాసము, అవకాశము, పోషణము మున్నగు నితరపదార్థములను గూడ బంగారముగాఁ జూపు ఱాయి ఒరగల్లు కాఁజాలదు.

చదరంగము భారతదేశమునఁ బుట్టినదని చరిత్రకారులలోఁ బలువు రంగీకరించిరి. ఏడవ శతాబ్దమువాఁడగు బాణభట్టు హర్షచరిత్రమునందు శ్లేషముగా అష్టాపదమను గళ్లపలకను జతురంగమును గలిపి పేర్కొనెను. కల్యాణి చాళుక్యరాజగు మూఁడవ సోమేశ్వరుఁడు పండ్రెండవ శతాబ్దపుఁ బూర్వార్ధమున మానసోల్లాసమును రచించి, అందుఁ జతురంగమునకును దావిచ్చెను. ఆ గ్రంథవిభాగమే యొక యభిప్రాయమును సూచించుచున్నది. రాజ్యమును సంపాదించుట, దానిని స్థిరపఱచుట యను విషయములు వేఱు ప్రకరణములుగా నుండఁగా, చదరంగము రాజుల వినోదక్రీడలలోఁ జేర్పఁబడినది. రథగజతురగపదాతులను బలకమీఁద నడపుట రాజోచితమగు వినోదమే. కాని రాజ్యతంత్రమున కది పరీక్ష యని సోమేశ్వరుఁడు దానినిఁ దంత్రప్రకరణమునఁ జేర్పలేదు.

చదరంగమును బుద్ధిపరీక్షగా నిలిపిన తొలికథ పారసీకదేశమున వినవచ్చుచున్నది. చతురంగవివరణమను నర్థము గల పేరుతోఁ బహ్లవీభాషలో నొక చిన్న గ్రంథము గలదు. 531 మొదలు 579 వఱకుఁ బారసీకము నేలిన మొదటి ఖుస్రూయొద్దకు భారతరాజొకఁడు పచ్చలతోఁ జేసిన 16 బలములను, కెంపులతోఁ జేసిన 16 బలములను బంపి, ఈ యాట మర్మమును మీ పండితులు కనుఁగొనవలయుననియు, కనుఁగొనఁజాలనిచోఁ గప్పము చెల్లింపవలయుననియు సందేశ మంపెనఁట. మూఁడవదినమున బుజుర్జ్‌మిహ్రు అను మంత్రి లేచి, అది రెండు సేనల పోరునకుఁ బ్రతిరూపమని వివరించి రాజుగౌరవమును నిలిపెను. అంతటితో నాఁగక, తాను నర్దు అను వేఱొక యాటను గల్పించి భారతదేశమునకుఁ గొనిపోఁగా నిచ్చటి పండితులు దాని మర్మమును జెప్పఁజాలకపోయిరఁట. పిదప ఫిర్దౌసి తన షానామాలో నీ వృత్తాంతమును విస్తరించి చెప్పెను.

ఈ కథ చరిత్రమా కల్పనమా యను విచార మిచ్చట నప్రస్తుతము. గమనింపఁదగినది వేఱొకటి గలదు. ఆ పరీక్షలో బుజుర్జ్‌మిహ్రు చూపినది ఆటలోని ప్రావీణ్యము కాదు; ఎన్నఁడును జూడని బలములను జూచి, వాని నియమములను నూహించిన శక్తి. అనఁగాఁ గథకర్త దృష్టిలో చదరంగము తెలియనివానికే యది బుద్ధిపరీక్ష. నియమములు తెలిసి, వేలకొలఁది యాటలాడి, యెత్తులన్నియుఁ గరతలామలకము గావించుకొన్నవాఁడు గెలుచుట వేఱొక విషయము. తరువాతి కాలమున నీ రెంటికిని గల భేదము మఱుగుపడి, క్రొత్త సమస్యను ఛేదించు ప్రజ్ఞకుఁ గల గౌరవము పాతయాటలోని యారితేరినతనమునకు సంక్రమించినది.

అరబ్బుల చరిత్రమున నీ రెండుపక్షములకును నిదర్శనములు గలవు. పదవ శతాబ్దపుఁ బూర్వార్ధమున బాగ్దాదునందుఁ బేరువడసిన అస్సూలీ యనునతఁడు ఖలీఫా అల్ముక్తఫీ సన్నిధిని అల్మావర్ది యను నాటగానిని నోడించి, తరతరములు చదరంగమున కుపమానమై నిలిచెను. అతఁడు చరిత్రకారుఁడును, సాహిత్యవేత్తయు నగుటచేత ఆటయుఁ బాండిత్యమును నొకచోటఁ గూడియుండుట చూపరుల కచ్చెరువు గొలిపెను. కాని 813 మొదలు 833 వఱకు రాజ్యము చేసిన ఖలీఫా అల్మామూను విషయము దీనికి భిన్నము. గ్రీకుశాస్త్రములను అరబ్బీలోనికిఁ దెప్పించి, ఖగోళపరిశోధనములు చేయించి, పండితులతో స్వయముగా వాదించిన యా రాజు చదరంగమున మాత్రము చతికిలఁబడుచుండెను. సింధునదీతీరము మొదలు పడమటివఱకు లోకము నేలు తాను రెండుమూరల పలకమీఁది బలములను జక్కఁబెట్టలేకపోవుట వింతయని యతఁడు వాపోయినట్లు అరబ్బీ గ్రంథములందుఁ గలదు. విజయనగరమునను బాగ్దాదునను నోడినది మందబుద్ధులు కారు. ఒకే మనుష్యునియందు శాస్త్రగ్రహణశక్తి యుండి చదరంగపు నేర్పు లేకపోవచ్చు నని యీ యిరువురు రాజులును సాక్ష్యమిచ్చుచున్నారు.

ఐరోపాలోఁ బదునెనిమిదవ శతాబ్దమునఁ జదరంగము విద్వద్గోష్ఠులలోనికిఁ బ్రవేశించి, దానితోపాటు ఈ వాదమునకును మర్యాద కలిగినది. సంగీతరూపకములను గూర్చిన ఫ్రెంచివాఁడగు ఫిలిదోరు 1749లోఁ జదరంగముపై గ్రంథము వ్రాసి, 1783లో లండనునగరమునఁ బలకను జూడకయే మూఁడాటలు నొక్కమాఱుగా నాడి చూపెను. 1786లో అమెరికాదేశీయుఁడగు బెంజమిను ఫ్రాంక్లిను ఒక వ్యాసము వ్రాసి, ఆ యాటవలన దూరదృష్టియు, పరిశీలనమును, జాగరూకతయు నలవడునని బోధించెను. 1841లో ఎడ్గారు అలెన్ పో యొక కథకుఁ బీఠికగా దీనికిఁ బ్రతిపక్షము నిలిపెను: చదరంగమునఁ గనఁబడు చిక్కును లోఁతుగాఁ దలఁచుట లోకుల భ్రమయనియు, అది యెక్కువగా నేమఱుపాటు లేకుండ నుండుటకే పరీక్ష యనియు నతని వాదము. ఉభయులును దమ యనుభవము నూఁతగాఁ గొని మాటలాడిరే కాని పరీక్షించి చూచినవారు కారు.

పరీక్షించి చూచిన తొలివారిలో ముఖ్యుఁడు ఫ్రెంచి మనస్తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ బినే. అతని పరిశోధనము తెలుఁగుపండితులకుఁ బ్రత్యేకముగాఁ బ్రియమైనది. ఏలయనఁగాఁ బూర్వపు అష్టావధానములలోఁ జదరంగ మొక యంగముగా నుండెడిది. సమస్యను బూరించుచు, నిషిద్ధాక్షరిని దప్పించుచు, గంటల నెన్నుచు, పలకను జూడకయే యెత్తుల నాజ్ఞాపించు నవధానిని జూచి సభ యచ్చెరువందెడిది. అట్టి చూడనియాటను ఆడువారిని గూర్చియే బినే విచారించి, 1894లో మహాగణకులును జదరంగపుటాటకాండ్రును విషయముగా నొక గ్రంథమును వెలువరించెను. బలములు, వాని రంగులు, గళ్లు నద్దములో వలె మనస్సులో నుండుననియు, ఆటగాఁడు దానినిఁ జూచి యాడుననియు నంతకుముందు తలంచెడివారు. బినే యడిగిన ప్రవీణులలోఁ బలువురు తమకట్టి చిత్రము కనఁబడదనిరి. గుఱ్ఱముయొక్క యాకారము తోఁపదు. అది యే గడిని బట్టుకొని యున్నది, దేనిని బెదరించుచున్నది యను సంబంధమే తోఁచును. కావునఁ బ్రవీణుని జ్ఞాపకము రూపస్మృతి కాదు, అర్థస్మృతి. దానికి జ్ఞానమును, కల్పనయు, ధారణయుఁ దోడ్పడునని బినే తేల్చెను.

బినే చరిత్రములో నింకొక విశేషము గలదు. పాఠశాలలలోఁ బ్రత్యేకసాహాయ్యము కావలసిన బాలురను గుర్తించుటకై అతఁడు సైమన్ అను వైద్యునితోఁ గూడి 1905లో నొక బుద్ధిమానమును నిర్మించెను. నేఁటి ధీశక్తిపరీక్షలకది మూలము. అందు 30 అంశములు గలవు. వస్తువులను బేరుపెట్టి చెప్పుట, వాక్యములను దిరిగి చెప్పుట, రెండు పదార్థముల భేదమును వివరించుట మున్నగునవి వానిలోనివి. చదరంగపుటాటకాండ్రను అంత శ్రద్ధగాఁ బరిశీలించినవాఁడు బుద్ధిని గొలుచుటకుఁ దానే సాధనము గల్పించునప్పుడు చదరంగమును దానిలోనికి రానీయలేదు. ఎవనికి నేర్పిన దేదియో దానిని గాక, అందఱకు సమానముగా నెదురగు చిన్నపనులనే యతఁ డేఱుకొనెను.

తరువాతి పరీక్ష 1925లో మాస్కోనగరమున జరిగెను. అచ్చట నొక గొప్ప పోటీకి వచ్చిన నిపుణులను జాకోవు, పెత్రోవ్‌స్కి, రూదికు అను మువ్వురు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు పరీక్షించిరి. అంకెలను జ్ఞాపకముంచుకొనుట మున్నగు సామాన్యపరీక్షలయందు నిపుణులు ఇతరులను మించలేదు. పలకకును బలములకును సంబంధించిన పరీక్షలయందు మాత్రము బహుదూరము మించిరి. 1946లో హాలండుదేశీయుఁడగు అడ్రియాన్ డిగ్రూట్ తన సిద్ధాంతగ్రంథములో, గొప్ప ప్రవీణులు సాధారణనిపుణులకంటె నెక్కువ యెత్తులు ముందునకుఁ జూతురను నమ్మకమును బరీక్షించి, లెక్కించు లోఁతులో వారికిఁ బెద్ద భేదము లేదని చూపెను. భేదము మొదటిచూపులోనే యున్నది. కొన్ని క్షణములు మాత్రము చూపఁబడిన యాటను గొప్ప ప్రవీణుఁడు రమారమి పూర్ణముగా మరలఁ బేర్చును, సామాన్యుఁడు తడఁబడును.

ఈ చూపు సహజమగు ధారణాశక్తివలనఁ గలిగినదా, లేక యాటవలన సిద్ధించినదా యను సందేహమును దీర్చినవారు అమెరికాలో చేజ్, హెర్బర్టు సైమన్ అనువారు. 1973లో వారు ప్రకటించిన పరిశోధనము సరళమైనది. నిజముగా నాడిన యాటలోని పేర్పును అయిదు క్షణములు చూపఁగాఁ బ్రవీణుఁడు సుమారు 16 బలములను సరిగాఁ బెట్టెను. మధ్యముఁడు 8, క్రొత్తవాఁడు 4 పెట్టిరి. పిదప నవే బలములను దోఁచినట్లు చెదరఁజల్లి చూపిరి. ప్రవీణుని యాధిక్యము రమారమి మాయమై, అందఱును మూఁడు నాలుఁగు బలములయొద్దనే నిలిచిపోయిరి. తరువాతి పరిశోధకులు చెదరిన పేర్పునందును బ్రవీణునికిఁ గొలఁదిపాటి మేలు గలదని సవరించిరి కాని, ప్రధానసిద్ధాంతము నిలిచియున్నది. ప్రవీణుని మనస్సులోఁ బదివేలకు లక్షకు నడుమ సంఖ్యగల కూర్పులు నిఘంటువువలె నిలిచియుండునని సైమన్ అంచనా వేసెను. బలములను విడివిడిగాఁ గాక, కూర్పులుగా నతఁడు చదువును.

పండితలోకమున కీ విషయము క్రొత్తది కాదు. ఛందోవ్యాకరణములఁ బండినవాఁడు ఒక సీసపద్యమును రెండుమాఱులు విని యప్పగింపఁగలఁడు. అవే యక్షరములను అర్థము లేకుండ, యతిప్రాసలు లేకుండఁ గలగాపులగము చేసి వినిపించినచో నతఁడును బామరుఁడును సమానులే యగుదురు. వ్యస్తాక్షరియందుఁ జెదరిన యక్షరముల నవధాని కూర్చుకొనఁగలుగుటయు, వాని వెనుక నర్థవంతమగు వాక్య ముండుటచేతనే. ఆ ధారణను జూచి యవధానికి భాషపై నధికారము గలదని చెప్పుట న్యాయము. వ్యాపారమునను, వైద్యమునను, తగవు తీర్చుటయందును నతఁడే యుత్తముఁడనుట న్యాయము కాదు. చదరంగమునకు నిదియే తీరు.

ఒక నేర్పునుబట్టి మనుష్యుని యంతటిని నిర్ణయించుటవలనఁ గలుగు హానికి మీర్ సుల్తాన్‌ఖాను చరిత్రము కంటఁ దడిపెట్టించు నిదర్శనము. పంజాబునందలి మిఠా తివానా యతని జన్మస్థానము. సర్ ఉమర్ హయాత్‌ఖాను అను జమీందారు అతనిని బోషించెను. అతఁడు భారతీయరీతిని జదరంగము నేర్చినవాఁడు. ఆ రీతిలో బంటు మొదట రెండుగళ్లు నడువదు, రాజును గోటకట్టు పద్ధతియు వేఱు. 1928లో అఖిలభారత పోటీ గెలిచి, 1929లోఁ బ్రభువుతోఁ గూడ నింగ్లండు చేరి, యాయేఁడే బ్రిటిషు ప్రథమస్థానమును గెలిచెను. 1932, 1933 సంవత్సరములలో మరల గెలిచెను. 1930-31 హేస్టింగ్సు పోటీలో, 1921 మొదలు 1927 వఱకు జగజ్జేతయై యుండిన కాపబ్లాంకా నోడించెను. హాంబర్గు, ప్రాగు, ఫోక్‌స్టను నగరముల దేశపోటీలయందు బ్రిటిషుజట్టుకు మొదటి పలకమీఁద నాడెను. 1933లోనే యాతని ప్రభువు పరివారములోని ఫాతిమా యను నామె బ్రిటిషు స్త్రీల పోటీని గెలిచెను. ఆ యేఁటి చివర సుల్తాన్‌ఖాను స్వదేశమునకు మరలి, పోటీలు విడిచి, 1966లో మృతినొందెను.

పాశ్చాత్య గ్రంథకర్తలలోఁ బలువు రతనిని నక్షరజ్ఞానము లేని సహజమేధావియనియు, బంట్రోతనియు వర్ణించిరి. ఆటలో మహావీరుఁడు, ఆటవెలుపల నజ్ఞుఁడు అను నీ చిత్రమే వారికి వింతయై తోఁచెను. అతని వంశీయులు దీనిని ఖండించిరి. అతఁడు చదువుకొన్నవాఁడనియు, గౌరవప్రదమగు కుటుంబమువాఁడనియు వారు ప్రకటించిరి. ఇందు విచారింపఁదగిన దేమనఁగా, జగజ్జేత నోడించిన యాటయే యెదుట నుండఁగను, అతని యితరజ్ఞానమును గూర్చి వ్రాసినవారికి నిర్ణయము కుదురలేదు. ఆట బుద్ధికి నిశ్చయమగు గుర్తైనచో నతఁడజ్ఞుఁడను మాట పుట్టకయే యుండవలసినది. గుర్తు కానిచో, ఆటను బట్టి కాక వేషభాషలను బట్టియే వారతని బుద్ధిని గొలిచిరని యొప్పుకొనవలసియుండును. అంతర్జాతీయ చదరంగసమాఖ్య 2024లో నతనికి మరణానంతరము గౌరవ గ్రాండ్‌మాస్టరు పదవి నొసంగెను. ఆటకు రావలసిన గౌరవము తొంబదియేండ్లకు వచ్చినది.

ఇఁకఁ బూర్వపక్షమును నిర్లక్ష్యము చేయరాదు. 1894 మొదలు 1921 వఱకు జగజ్జేతయై యుండిన ఇమాన్యుయేలు లాస్కరు గణితశాస్త్రజ్ఞుఁడు. 1905లో నతఁడు ప్రకటించిన బీజగణితసిద్ధాంతము నేఁటికిని నతని పేరఁ బిలువఁబడుచున్నది. బొత్వినికు విద్యుచ్ఛాస్త్రమున డాక్టరు. కాని పేరుల పట్టికతో వాదము తేలదు. పాల్ మోర్ఫీ 1858లో నైరోపా నిపుణుల నోడించి వచ్చి, న్యాయవాదవృత్తియందు రాణింపలేకపోయెను. కావున నెక్కువమందిని గొలిచి చూడవలయును. 2016లో బర్గోయిను మున్నగువారు అంతకుముందు జరిగిన 19 పరిశోధనములను, వానిలోని 1779 మంది ఫలితములను గలిపి లెక్కించిరి. ఆటనేర్పునకును యుక్తిశక్తికిని గల సహసంబంధగుణకము 0.24 అని తేలెను. పూర్ణసంబంధమునకు 1, సంబంధలేమికి 0 గుర్తులు. 0.24 అనఁగా ఆటలోని తారతమ్యములో నూటికి సుమారు 6 పాళ్లు మాత్రమే యా శక్తితోఁ గలిసివచ్చును. సంబంధము లేదనుట యసత్యము. అదియే సర్వమనుట యంతకంటె నసత్యము.

ఆ లెక్కలోనే యొక సూక్ష్మము గలదు. బాలురయందు గుణకము 0.32, పెద్దలయందు 0.11. క్రొత్తగా నేర్చువారికి బుద్ధిశక్తి యెక్కువగాఁ దోడ్పడును. అభ్యాసము పెరిగినకొలఁది దాని పాలు తగ్గును. 2007లో బిలాలిచు మున్నగువారు 57 మంది బాలురను బరీక్షింపఁగా, ఆటనేర్పు నన్నిటికంటె నెక్కువగా నిర్ణయించినది యభ్యాసము. వారిలో నుత్తములగు 23 మందిని వేఱుచేసి చూడఁగా, ధీశక్తిపరీక్షలో నెక్కువ మార్కులు వచ్చినవారే యాటలో వెనుకఁబడిరి. వా రభ్యాసము తక్కువ చేయుటయే దానికిఁ గారణముగాఁ దోఁచెను. అయితే యెంచి యెంచి వడకట్టిన గుంపులోఁ దారతమ్యము లెప్పుడును దగ్గఱగానే యుండును గనుక, ఇంత చిన్న గుంపును బట్టి తుదితీర్పు చెప్పుట సాహసమే. ధీశక్తి వాకిలి తెఱచునది. లోపలి దూరమును నడపించునది యభ్యాసము అని మాత్రము చెప్పవచ్చును.

యంత్రములచరిత్ర యీ సిద్ధాంతమునకు వేఱొక దిక్కునుండి బలము గూర్చుచున్నది. చదరంగమున జగజ్జేతయగు యంత్రమును నిర్మించినచో మనుష్యబుద్ధిమర్మమే చేఁజిక్కునని పూర్వపు నిర్మాతలు కొందఱు తలంచిరి. పదియేండ్లలో నట్టి యంత్రము పుట్టునని 1958లో నెవెల్, హెర్బర్టు సైమన్ అనువారు భవిష్యము చెప్పిరి. అది పుట్టుటకు దాదాపు నలువదియేండ్లు పట్టెను. 1997 మే నెలలో డీప్‌బ్లూ అను యంత్రము గారీ కాస్పరోవును 3½–2½ లెక్కను ఓడించెను. క్షణమునకు 20 కోట్ల పేర్పులను బరిశీలించిన యా యంత్రము ఒక వాక్యమును జదువలేదు, ఒక బాలునితో సంభాషింపలేదు. గెలుపు సంపూర్ణము, బుద్ధి శూన్యము. ఆటలోని గెలుపు సామాన్యబుద్ధి లేకయే సిద్ధింపవచ్చునని దీనికంటె స్పష్టముగాఁ జూపుట యెవరితరము?

పాఠశాలలకు సంబంధించిన ప్రశ్న యిఁక నొకటి మిగిలినది. బుద్ధికిఁ జదరంగము గుర్తు కాకపోయినను, బుద్ధిని బెంచు సాధనము కాఁగలదా? ఫ్రాంక్లిను నాఁటినుండియు నీ యాశ యున్నది. ఇంగ్లండునందలి ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషను 100 ప్రాథమికపాఠశాలలలో దీనిని బరీక్షింపించి 2016లో ఫలితమును బ్రకటించెను. తొమ్మిది పదియేండ్ల బాలురకు 30 గంటలు చదరంగము నేర్పి, నేర్పు ముగిసిన యొకయేఁటికి గణితమునఁ బరీక్షింపఁగా, నేర్చినవారికిని నేర్వనివారికిని భేదము కనఁబడలేదు. ఇందుచేఁ జదరంగము వ్యర్థమని తేలదు. వీణవలన వీణయే వచ్చును. ఆ లాభము చాలును. లెక్కలు రావలయునన్న లెక్కలే చేయింపవలయును.

ఆచార్యదండి కావ్యాదర్శమునఁ గవిత్వమునకు నైసర్గికమగు ప్రతిభ, నిర్మలమగు బహుశ్రుతము, అమందమగు నభియోగము అను మూఁటిని గారణములుగాఁ జెప్పెను. చదరంగమున కీ మూఁటినే యన్వయింపవచ్చును. 1987లో గుడివాడలోఁ బుట్టిన కోనేరు హంపి చిన్ననాఁటనే తండ్రియగు అశోకు శిక్షణమునఁ బలకయొద్దఁ గూర్చుండి, 2002లోఁ బదునైదవయేఁట గ్రాండ్‌మాస్టరై, 2019, 2024 సంవత్సరములలో స్త్రీల త్వరితచదరంగమున జగజ్జేత్రి యయ్యెను. ఆ విజయమును జూచి సహజబుద్ధి యని యొక్కమాటతోఁ దేల్చివేయుట, దాని వెనుకనున్న గురుత్వమును, ఏండ్లకొలఁది శ్రమను దుడిచివేయుటయే యగును. బుద్ధికి గుర్తని పొగడుటలో నింత కృతఘ్నత యున్నదని లోకము గుర్తింపదు.

కావునఁ జదరంగమున గెలిచిన బాలుని జూచి యుపాధ్యాయుఁడు నిశ్చయముగాఁ జెప్పఁదగినది యింతే: వీఁడొక విద్యను శ్రద్ధతో సాధింపఁగలఁడు. అది చిన్న ప్రశంస కాదు. ఓడిన బాలునిగూర్చి చెప్పఁదగిన దంతకంటెను దక్కువ: వీనికీ యాట యింకను నలవడలేదు. ఆ బాలునిలో నొక గణకుఁడో, కవియో, రాయలవంటి పాలకుఁడో యుండవచ్చును; పలక దానిని జూపదు. చాటువును గట్టిన యజ్ఞాతకవికి మనస్తత్త్వశాస్త్రము తెలియదు. అయినను దిమ్మన నేర్పునకుఁ దగిన బహుమానము నిప్పించి, రాయల బుద్ధికి వన్నె తగ్గింపక, యెవరికిఁ దగినది వారి కిచ్చినాఁడు.